ఏడుపుకి ఏ పువ్వు?

"ఇది నేనిచ్చిన మందు కాదు."

ఆడపడుచు చుక్కల సీసా మూత తీసి వాసన చూసింది. చాలక రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని చప్పరించింది. అదీ చాలక మరో నాలుగు వేసుకుంది. హాల్లో ఉన్నవాళ్ళందరూ ఆవిడ నోటికేసి చూస్తూ నిలబడ్డారు.

"నీళ్ళు," అంది చివరికి. "ఉత్త నీళ్ళు. అదీ కాచి చల్లార్చినవి."

కోడలి చేతిలో పాప రెండో బూటు ఉంది. మొదటిది పాప కాలికి ఉంది. పాప మాత్రం భోజనాల బల్ల కింద ఉంది. బడి బస్సు ఇంకాసేపట్లో వీధి మలుపులో హారన్ కొడుతుంది. పదింటికి కళ్ళద్దాల షాపు తెరుస్తారు. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ పనికి రమ్మన్న షాపు యజమానురాలు నిన్న ఫోన్లో మెత్తగానే చెప్పింది: "రేపు కూడా రాలేకపోతే ఇంకొకరిని చూసుకుంటానమ్మా. ఏమీ అనుకోకు." అంత మెత్తగా చెప్పేవాళ్ళతో పోట్లాడటానికి కూడా ఉండదు, ఖర్మ!

సెలవులయ్యాక బడి తెరిచి ఇవాళ్టికి మూడో రోజు. మొదటి రెండు రోజులూ పాప బస్సు మెట్టు మీదే గుక్కపట్టి ఏడ్చింది. రెండు రోజులూ కోడలు వెంట వెళ్ళి తరగతి గది బయట బల్ల మీద సాయంత్రం దాకా కూర్చోవలసి వచ్చింది. నిద్రలో కూడా వాగుతుందని పిచిక అని ముద్దుపేరు పెట్టుకున్న పిల్ల, ఈ మూడు రోజులుగా నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు.

ఉద్యోగం మాట వచ్చినప్పుడే ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. పిచిక ఏడవకుండా బడికి వెళితే అమ్మ పనికి వెళ్ళొచ్చు. లేకపోతే లేదు. ఆ షరతు పెట్టింది పిచిక తండ్రి, ఒప్పుకున్నది కోడలు. బడి తెరిచే రోజుల్లో పిల్లలకి పట్టుకునే బెంగకి తిరుగులేని మందంటూ ఆడపడుచు ఈ పూల చుక్కలు తెచ్చిచ్చింది అప్పుడే.

"నీళ్ళేంటి వదినా?" అంది కోడలు. "పొద్దునా సాయంత్రం నాలుగేసి చుక్కలు నా చేత్తో నేనే వేస్తున్నాను కదా."

"నేనూ వేస్తున్నాను," అంది అత్తగారు సోఫాలోంచి.

"మీరెప్పుడు వేశారత్తయ్యా?"

"లేవగానే వేశాను. పాలు తాగాక వేశాను. ఇందాక కూడా వేశాను కాబోలు."

కోడలికి ఒళ్ళు మండింది. ఈ మధ్య అత్తగారి వరస ఇలాగే ఉంది. చేసిన పనే మళ్ళీ చేస్తుంది. ఇదేంటని అడిగితే ఏమీ ఎరగనట్టు ముఖం పెడుతుంది. కోడల్ని సాధించడానికి ఇదో కొత్త పద్ధతి కనిపెట్టిందని కోడలి నమ్మకం.

"ఎవరెన్నిసార్లు వేస్తే ఏముంది? నీళ్ళు నీళ్ళే!" ఆడపడుచు గొంతు లేచింది. "మేడ మీద గాజు గిన్నెలో నీళ్ళు పెట్టి, చెయ్యి తగిలితే గుణం పోతుందని ఆకుతో పట్టుకుని ఒక్కో పువ్వూ తుంచి, ఎండలో తేలేసి, నీడ పడకుండా పక్కనే కాపలా కూర్చున్నాను. ముఖం చూడండి, ఎలా మాడిపోయిందో! ఇంత చేసి నేను తెచ్చిస్తే మీరు పిల్లకి ఉత్త నీళ్ళు పడతారా?"

పిచిక తండ్రి అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. దువ్విన చోటే దువ్వుతున్నాడు.

కోడలు అటు చూసింది. ఆయనకి బట్టతల మొదలై చాలా కాలమైంది. అంతసేపు దువ్వడానికి అక్కడేమీ లేదు.

"ఏవండీ."

"ఊఁ."

"మీరేమైనా చేశారా?"

"అందులో బ్రాందీ ఉంది," అన్నాడు ఆయన అద్దంలోకి చూస్తూనే.

ఒక్క క్షణం ఎవరికీ నోట మాట రాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి వచ్చింది.

"ఒరేయ్! పారబోశావా?"

"మందుల షాపు నడిపేవాణ్ణి నేను. నా ఇంట్లో నా కూతురికి బ్రాందీ పడుతుంటే చూస్తూ ఊరుకోవాలా అక్కా?"

"బ్రాందీ నా పెద్ద సీసాలో ఉంటుందిరా, పాడవకుండా! అందులోంచి రెండే రెండు చుక్కలు తీసి ఈ సీసాడు నీళ్ళల్లో కలిపాను. నువ్వమ్మే దగ్గు మందులో ఇంతకంటే ఎక్కువుంటుంది. నీ ఎదురుగానే కలిపాను. అప్పుడు బుర్రూపి, ఇప్పుడు బ్రాందీ గుర్తొచ్చిందా?"

ఆయన నీళ్ళు నమిలాడు.

"ఎప్పుడు పారబోశారు?" అంది కోడలు నెమ్మదిగా.

"ఆదివారం."

"బడి తెరిచే ముందు రోజా?"

ఆయన దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

"చూశావా అమ్మాయ్!" ఆడపడుచు చెయ్యి తిప్పింది. "నా మందు పడ్డన్నాళ్ళూ పిల్ల ఎలా ఉంది? తన సంచి తనే సర్దుకుంది. కొత్త పెన్సిళ్ళు తలగడ కింద పెట్టుకుని పడుకుంది. మందు ఆగిన మర్నాడే ఏడుపు!"

"ఆ వారం బడే లేదక్కా! లేని బడికి ఎవరేడుస్తారు?"

కోడలికి ఇద్దరి మాటా నిజమేననిపించింది. ఇద్దరి మాటా నిజమెలా అవుతుంది? మందు పనిచేసినట్టా, చేయనట్టా? ఒకవేళ పనిచేయనిదే అయితే పారబోస్తే నష్టమేంటి? పనిచేసేదే అయితే ఈ మూడు రోజులూ తను పట్టింది నీళ్ళా? ఆలోచించినకొద్దీ ఆమె బుర్ర తిరిగిపోతోంది. చేతిలో బూటు బరువు మాత్రం తెలుస్తోంది.

ఆడపడుచు చేతిసంచీ తెరిచి చిన్న చిన్న సీసాలు బల్ల మీద వరసగా పేర్చింది. "అయిందేదో అయింది. ఇప్పుడే మళ్ళీ కలుపుతాను. ఈసారైనా అందరూ సరిగ్గా చెప్పి చావండి, ఈ పిల్లకి ఏ భయం?"

"భయాల్లో రకాలేంటి?" అన్నాడు తమ్ముడు.

"నీ షాపులో తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకటే మాత్ర ఇస్తావా? ఫలానా దానికి భయమని తెలిస్తే ఈ పసుపు పువ్వు. ఎందుకో తెలియని వణుకైతే, ఇదిగో, చెట్టుకి తోకల్లా వేలాడుతుంది చూడు, అది. ఇల్లు విడిచి ఉండలేని బెంగైతే ఈ తీగ పువ్వు. మనకోసం కాకుండా మనవాళ్ళకి ఏమైనా అవుతుందేమోనన్న భయమైతే ఎర్ర పువ్వు. పోయినసారి మీరు తలో మాటా చెప్పారు, నేను అన్నీ కలిపేశాను. అన్నీ కలిపితే ఏదీ పట్టదు."

"ఫలానా భయమే వదినా," అంది కోడలు. "బళ్ళో ఎవరో దీన్ని గిల్లుతున్నారు. చేతి మీద ఎర్రగా మచ్చలు చూశాను. నిన్న టీచరమ్మని నిలదీశాను కూడా."

"లెక్కలంటే భయం," అన్నాడు తండ్రి. "కొత్త తరగతిలో భాగహారాలున్నాయి."

"అదేం కాదు. ఇల్లు విడవలేకే," అంది అత్తగారు. "నాకూ అంతే. ఈ మధ్య గుమ్మం దాటితే కాళ్ళు వణుకుతున్నాయి. ఎటెళ్ళాలో తెలియదు."

"మీ సంగతి కాదత్తయ్యా, పాప సంగతి!"

బల్ల కింద నుంచి సన్నగా గొంతు వినబడింది.

"అత్తా."

మూడు రోజుల తర్వాత పిచిక తనంతట తాను నోరు విప్పింది. అందరూ వంగి చూశారు.

"చెప్పు తల్లీ. నీకు ఏ పువ్వు కావాలి?"

"ఏడుపు రావడానికి ఏ పువ్వు?"

ఆడపడుచు నవ్వింది. "రావడానికి కాదే పిచ్చీ, పోవడానికి."

"కాదు. రావడానికే. మొన్న వచ్చింది. నిన్న ఎంతకీ రాలేదు. గిల్లుకుంటే గానీ రాలేదు."

పిచిక చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతికి పైన ఎర్రటి మచ్చలు. కొత్తవి కూడా ఉన్నాయి. ఈ పొద్దుటివి.

కోడలు కుర్చీలో కూలబడింది. నిన్న ఆ టీచరమ్మని ఎన్ని మాటలంది! 'మీ కళ్ళెదురుగా పిల్లల్ని రక్కుతుంటే మీరేం చేస్తున్నారు' అంది. పక్క బెంచీ పిల్లాడి తల్లికి ఫోన్ చేసి, మీ వాడికి గోళ్ళు తీయరా అని కూడా అడిగింది. ఇప్పుడు తలెక్కడ పెట్టుకోవాలి? అసలు ఏడవని పిల్ల ఏడవడానికి ఎందుకింత పాట్లు పడుతోంది?

మలుపులో హారన్ మోగింది. ఎవరూ కదలలేదు. మళ్ళీ మోగింది. తర్వాత బస్సు వెళ్ళిపోయిన చప్పుడు కూడా వినబడింది.

"నాకు షాపు టైమైంది," అన్నాడు తండ్రి. తాళాలు తీసుకుని కూతురి వైపు చూడకుండా, చెప్పులు సరిగా తొడుక్కోకుండా, తేలు కుట్టిన దొంగలా జారుకున్నాడు.

"బస్సొచ్చిందా?" అంది అత్తగారు.

"వెళ్ళిపోయిందత్తయ్యా."

"సరే. వచ్చాక చెప్పండి."

ఆడపడుచు సీసాలన్నీ మళ్ళీ సంచీలో పడేసుకుంది. "నా మందు తూములో పోసిన ఇంట్లో నేనొక్క క్షణం ఉండను. వాడే వచ్చి బతిమాలాలి," అని కోడలు బతిమాలడానికి కూడా సందివ్వకుండా దడదడా మెట్లు దిగిపోయింది.

కోడలు బల్ల కిందకి దూరి, పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. రెండో బూటు తొడిగింది. అడగడానికి ఏ ప్రశ్న ముందో ఆమెకే అంతుపట్టలేదు.

* * *

బడికి నడిచే వెళ్ళారు. ఇస్త్రీ షాపు ముందు ఆవిరి వాసన. టైర్ల కొట్టువాడు వాకిలి కడుగుతున్నాడు. ఆ నీళ్ళు దాటడానికి తల్లి చెయ్యందిస్తే పిచిక రెండు కాళ్ళూ ఎత్తి ఊగింది. ఇది భయపడుతున్న పిల్ల లక్షణమా? తల్లి బుర్ర మళ్ళీ మొదటికొచ్చింది.

"ఏడవమని నీకు ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు."

"నానమ్మా?"

"ఊహుఁ."

"మరెందుకు ఏడుస్తున్నావు?"

పిచిక దారిలో కనబడిన రాయిని బూటుతో తన్నుకుంటూ వెళ్ళింది.

"నాన్న ఏడవకూడదు కదా. పెద్దాళ్ళు ఏడిస్తే బాగోదు. అందుకని."

తల్లి ఆగిపోయింది. "నాన్న ఏడ్చాడా?"

"ఆ. స్నానాల గదిలో. కుళాయి తిప్పేసి పెట్టాడు గానీ నాకు వినబడింది. అత్త సీసా కడుగుతున్నాడు. ఏంటి నాన్నా అన్నాను. అమ్మ పనికి వెళ్ళిపోతే ఎలాగే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేను ఏడిస్తే అమ్మ వెళ్ళదుగా అన్నాను. ఊఁ అన్నాడు."

"ఊఁ అన్నాడా?"

"ఊఁ అన్నాడు. తర్వాత వద్దులే అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. నా తల నిమిరాడు. అంటే ఏడవమనా, వద్దనా అమ్మా?"

ఆ ప్రశ్నకి ఇంత పిల్ల మూడు రోజులుగా ఒంటరిగా జవాబు వెతుక్కుంటోంది. తామేమో ఇంతమంది పెద్దవాళ్ళుండి పువ్వుల గురించి కొట్టుకున్నారు.

"నీకు బడంటే భయం లేదూ?"

"భయమెందుకు? కొత్త టీచర్ దగ్గర పెద్ద చేపల తొట్టి ఉందట. అందులో ఒక చేప అస్తమానం బోర్లా పడుకుంటుందట. నేనింకా చూడలేదు. తలుపు దగ్గరే ఏడుస్తూ ఉన్నాను కదా, అంత దూరం కనబడలేదు."

"నేను పనికి వెళితే నీకేమనిపిస్తుంది?"

పిచిక ఆలోచించింది. "ఎర్ర కళ్ళజోడు తెస్తావా?"

"నీకు కళ్ళు బాగానే ఉన్నాయిగా."

"ఉత్త ఫ్రేమే. అద్దాలొద్దు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆ తల్లికి. కొంచెం కొంచెంగా రెండూ వచ్చాయి. బడి గేటు దగ్గర పిచిక సంచీ సరిచేసుకుని తలెత్తి చూసింది.

"ఇవాళ ఏడవాలా, వద్దా? సరిగ్గా చెప్పు."

"వద్దు. నాన్న సంగతి నేను చూసుకుంటాను."

"ఒట్టు?"

"ఒట్టు."

అంతే! పిచిక పరుగెత్తింది. గేటు దాటింది, మెట్లెక్కింది, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. రెండు రోజులుగా తన కొంగు పట్టుకుని వేలాడిన పిల్ల అలా వెళ్ళిపోతే తల్లికి గుండె మీద బరువు దిగింది. కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది, ఎందుకు దాచడం!

* * *

కళ్ళద్దాల షాపూ మందుల షాపూ ఇంటికి దగ్గర్లోనే, ఒకే రోడ్డులో ఎదురెదురుగా ఉంటాయి. పెళ్ళికి ముందు ఆమె ఇటు అద్దాల అంచులు అరగదీస్తుంటే, ఆయన అటు కౌంటర్లోంచి చూస్తూ మాత్రలు తప్పు లెక్కపెట్టేవాడు. మామగారు తిట్టేవారు. అప్పటికది మామగారి షాపు.

కోడలు ముందు మందుల షాపు మెట్లెక్కింది.

"పాప వెళ్ళిందా?" అన్నాడు ఆయన.

"వెళ్ళింది. ఏడవకుండా."

ఆయన ముఖంలో సంతోషం వచ్చి, అంతలోనే ఎటో పోయింది. కోడలు అది చూడనే చూసింది.

"పూల మందు మీరు నమ్మరు కదా?"

"దానికీ దీనికీ..."

"నమ్ముతారా, నమ్మరా చెప్పండి. నమ్మనివాళ్ళు నవ్వి ఊరుకుంటారు. మీరు సీసా కడిగి, నీళ్ళు కాచి, చల్లార్చి, మళ్ళీ అంతే మట్టానికి నింపి పెట్టారు. బ్రాందీ గురించైతే నాతో చెప్పి పారబోసేవారు. అది పనిచేస్తుందేమోనని పారబోశారు. పాప హాయిగా బడికి వెళ్ళిపోతుందేమోనని."

"బాబూ, దీన్ని అన్నం ముందు వేసుకోవాలా, తర్వాతా?" ఒక పెద్దాయన చీటీ చాచాడు.

"తర్వాత." ఆయన చీటీ వెనక్కిచ్చాడు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి."

పెద్దాయన చీటీ మడుచుకుని వెళ్ళిపోయాడు. కౌంటరు గాజు మీద ఆయన వేళ్ళతో దుమ్ము తుడుస్తున్నాడు. అక్కడ దుమ్ము లేదు.

"అమ్మ మరిచిపోతోంది," అన్నాడు.

"ఏం మరిచిపోతున్నారు?"

"అన్నీ. సెలవుల్లో నువ్వూ పాపా బయటికెళ్ళిన రోజు మధ్యలో నేను ఇంటికెళ్ళాను. గ్యాసు తిప్పి ఉంది. వెలిగించలేదు. కిటికీలన్నీ వేసున్నాయి. అమ్మ సోఫాలో కూర్చుని టీవీ చూస్తోంది. నన్ను చూసి..." ఆగాడు. "ఎవరు కావాలి బాబూ, అంది."

కోడలు కౌంటరు అంచు పట్టుకుంది. రెండోసారి వేసిన ఉప్పు. అడిగిందే అడగడం. పొద్దున చుక్కల సంగతి. అవన్నీ సాధింపులనుకుంది! ఆవిడ ముఖం మీదే చిరాకుపడింది, విసుక్కుంది, పొరుగావిడతో చెప్పుకుని నవ్వింది. జాలీ సిగ్గూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వాటి వెనకే కోపం కూడా వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"సరిగ్గా తెలియదు. వేసవి ముందు నుంచే కావచ్చు."

"డాక్టరుకి చూపించారా?"

"లేదు."

"రోజూ ఎంతమంది డాక్టర్ల చీటీలు చూస్తారు మీరు!"

"అందుకే. చూపిస్తే ఆయన ఆ జబ్బు పేరు చెబుతాడు. చెప్పాక ఇక అదే అయి కూర్చుంటుంది."

"అంటే ఆవిడకి కాపలా నేను ఉండాలి. అంతేనా?"

"అలా కాదు..."

"అంతే. మరి నన్ను అడగొచ్చుగా?"

ఆయన మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "అడిగితే ఉంటాననేదానివి. ఉండిపోయేదానివి. జన్మంతా నన్ను క్షమించేదానివి కాదు. పాప ఏడిస్తే అది ఎవరి తప్పూ కాదుగా అనుకున్నాను."

కోడలికి ఆ మాటలో అన్యాయమెంతో, ప్రేమెంతో విడదీయడం చేతకాలేదు. రెండూ ఒకే గొంతులో వచ్చాయి. ఏ ఒక్కటి తీసుకున్నా రెండోది అబద్ధమవుతుంది.

"మీరు అడగలేని మాట పాపని ఏడిపించి అడిగించారు," అంది. "అది తన చెయ్యి తనే గిల్లుకుంది."

ఆయన తల దించుకున్నాడు. "ఇప్పుడు ఇంట్లో అక్క ఉందిగా?"

"వదిన అలిగి వెళ్ళిపోయారు."

"అమ్మ ఒక్కతే ఉందా?"

అప్పటికి అది ఇద్దరికీ తట్టింది. ఆయన ఆమెకేసి చూశాడు. నోటితో అనలేదు గానీ, ఆ చూపులో ఉన్నదేమిటో ఆమెకి తెలుసు. ఈ ఒక్కరోజూ నువ్వెళ్ళు. రోడ్డు అవతల కళ్ళద్దాల షాపు యజమానురాలు గాజు తలుపు తీసి, బోర్డు తిప్పి పెడుతోంది.

కోడలు సంచీలోంచి తన దగ్గరుండే ఇంటి రెండో తాళంచెవి తీసి కౌంటరు మీద పెట్టింది.

"షట్టరు దించండి. వెళ్ళి మీ అమ్మ దగ్గర కూర్చోండి."

"షాపు?"

"నాదీ షాపేనండీ."

ఆ మాట అనేసి రోడ్డు దాటింది.

* * *

"వచ్చావా! ఇక రావేమోననుకున్నాను," అంది యజమానురాలు. నీలం ఏప్రాను చేతికిచ్చింది. "పాప?"

"బడికి వెళ్ళింది."

"అమ్మయ్య. మరి మొదలుపెట్టు. ఇది ముసలాయనది, మధ్యాహ్నం వస్తాడు. గుండ్రటి ఫ్రేము."

సానచక్రం ముందు కూర్చుంది. గాజు బిళ్ళని రెండు వేళ్ళ మధ్య పట్టి, తిరిగే రాయికి ఆనించింది. సన్నగా గీ అన్న చప్పుడు, తడి గాజు పొడి వాసన. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. ఎంత ఒత్తాలో, ఎప్పుడు తిప్పాలో వాటికే తెలుసు. అంచు నున్నగా అవుతుంటే ఆమెకి సంతోషం వేసింది. ఇంట్లో అంత జరుగుతుంటే సంతోషమేమిటని సిగ్గు కూడా వేసింది. కానీ సంతోషం పోలేదు.

తలెత్తి గాజు తలుపులోంచి అటు చూసింది. మందుల షాపు షట్టరు సగం దిగి ఉంది. హమ్మయ్య అనుకుంది. అంతలో జ్వరం పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఎవరో ఆవిడ పరుగెత్తుకొచ్చింది. షట్టరు మళ్ళీ పైకి లేచింది. ఆయన చీటీ అందుకుంటున్నాడు.

'వెళ్ళండి, వెళ్ళండి' అని ఆమె లోపలే గొణుక్కుంది. ఆ పిల్లాణ్ణి కాదని ఎలా వెళతాడు? వెళ్ళకపోతే ఎలా?

ఆయన మందు పొట్లం కడుతున్నాడు. రోడ్డు మీద ఎవరో గట్టిగా హారన్ కొట్టారు. ఇంకెవరో అరిచారు.

నడిరోడ్డు మీద అత్తగారు నిలబడి ఉంది.

కాళ్ళకి చెప్పుల్లేవు. చేతిలో గరిట ఉంది. దాని చివర ఏదో ఇంకా కారుతోంది. గరిట చేతిలో ఉందంటే పొయ్యి మీద ఏదో ఉన్నట్టే. కోడలి చేతిలో గాజు బిళ్ళ రాయికి గట్టిగా తగిలి, అంచు పెచ్చు లేచింది.

అవతల ఆయన కూడా చూశాడు. పొట్లం వదిలేసి మెట్టు మీదకొచ్చాడు. "అమ్మా!" అని కేక పెట్టాడు. "అమ్మా, ఇటు రా!"

ఏళ్ళ తరబడి పొద్దున్నే తన చేత్తో తాళం తీసి ఊడ్చిన షాపది. అత్తగారు ఆ షాపుకేసి చూసింది. మెట్టు మీద నిలబడి పిలుస్తున్నవాణ్ణి చూసింది. ఎవడో పరాయివాడు మీదికొస్తున్నట్టు బెదిరి, గరిట అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన దిగబోయిన మెట్టు మీదే కొయ్యబారిపోయాడు.

అత్తగారు ఇటు తిరిగింది. గాజు తలుపు వెనక నీలం ఏప్రానులో ఉన్న కోడల్ని చూసింది. తప్పిపోయిన పిల్లకి తల్లి కనబడ్డట్టు ఆవిడ ముఖం విచ్చుకుంది.

"అమ్మాయ్!" అని పిలిచింది. "మనిల్లెటే?"

కోడలు లేచి నిలబడింది. అటు మెట్టు మీద నుంచి ఆయన ఆమెకేసి చేతులు జోడించినట్టు చూస్తున్నాడు.

"ఎవరమ్మా ఆవిడ?" వెనక నుంచి యజమానురాలు మెత్తగా అడిగింది. "నీకు తెలిసినావిడా?"

కోడలు నోరు తెరిచింది. అవునంటే ఈ ఏప్రాను విప్పి వెళ్ళిపోవాలి. ఏ మాట వస్తుందో ఆమెకే తెలియదు.